మొక్కు ఆవిడది, దాహం నాది

మెడికల్ సీటొచ్చిందని ఊరంతా చెప్పుకున్నాక నాకు తెలిసిన సంగతేంటంటే, సీటు ఇంకా రాలేదు.

మెయిల్లో మొదటి రెండు పేరాలూ అభినందనలే. మెలికంతా మూడో పేరాలో ఉంది. గుంటూర్లో బీఫార్మసీ చదివిన రోజుల్లో నేను వెలగబెట్టిన ఫిజియాలజీ ఇప్పుడు చెల్లదుట. మరీ పాతబడిపోయిందిట. ఈ వేసవి సెమిస్టర్లో ఆ ఒక్క సబ్జెక్టూ ఇక్కడ సిడ్నీలో యూనిలో, అదే యూనివర్సిటీలో, మళ్ళీ చదివి పాసైతేనే ఫిబ్రవరిలో మెడిసిన్ క్లాసులో కూర్చోనిస్తారు. లేకపోతే సీటు వెనకాల కాచుకున్నవాళ్ళకి పోతుంది. వచ్చే ఏడాదికి అట్టేపెట్టడాలు లేవు. మళ్ళీ ఎంట్రన్సు, మళ్ళీ ఇంటర్వ్యూ, అంతా మొదటికి. పగలంతా పెండిల్ హిల్లో మందుల షాపులో నిలబడి దగ్గుమందులు అమ్మి, తెల్లారగట్ల లేచి చదివి, మూడుసార్లు దండయాత్ర చేస్తే దక్కిన సీటు. ముప్ఫై మూడేళ్ళు వచ్చాయి. నాలుగోసారి మొదలెట్టే ఓపిక నాకు లేదు, ఆ సంగతి నాకు బాగా తెలుసు.

మా ఆయన ఆ మెయిల్ని స్క్రీన్‌షాట్ తీసి టూంగాబీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఫోను తెరమీద రెండు పేరాలే పట్టాయి. మూడోది కింద ఉండిపోయింది.

"అది కూడా పెట్టండి," అన్నాను.

"ఇప్పుడు కండిషన్లూ గిండిషన్లూ ఎందుకే? అనవసరంగా జనం కన్ఫ్యూజవుతారు," అన్నాడు.

జనం ఏమాత్రం కన్ఫ్యూజవలేదు. దీపావళికి కమ్యూనిటీ హాల్లో పార్టీ పెట్టుకుంటే, ముప్ఫై ఏళ్ళనాడు ఇక్కడికొచ్చి పాతుకుపోయిన డాక్టరంకుల్ ఒకాయన నన్ను స్టేజీమీదికి పిలిచి, "కాబోయే డాక్టరమ్మ" అని మైకులో అరిచి శాలువా కప్పాడు. ఆ శాలువా అంతకుముందు ఎవరికో కప్పిందే. మడతల్లో పాత గంధం మరక ఉంది, కలరా ఉండల కంపు కొడుతోంది. దాన్ని భుజాల మీద వేసుకుని పళ్ళికిలిస్తూ ఫొటోలకి నిలబడ్డాను. రోత పుట్టింది. శాలువా మీద కాదు, రాని సీటుకి దణ్ణాలు పెట్టించుకుంటున్న నా మొహం మీద. దిగొచ్చాక అంకుల్‌కి మెల్లిగా చెప్పాను, ఇంకా ఒక సబ్జెక్టు పాసవ్వాలండీ అని.

"అదంతా ఫార్మాలిటీ అమ్మా. ఎవరూ చూడరు," అన్నాడు ఆయన పకోడీ నవుల్తూ.

పక్కనే వాళ్ళావిడ, ఆంటీ, నా పొట్టకేసి ఒకసారి చూసి, "మరి పిల్లల సంగతి మెడిసిన్ అయ్యాకేనా?" అంది. ఆ మాట అనడానికి ఆవిడకి ఏ కండిషన్లూ అడ్డురాలేదు.

అప్పటికి మా అత్తగారు బాపట్ల నుంచి వచ్చి రెణ్ణెల్లయింది. ఆర్నెల్ల వీసా. అరవై దాటినా మనిషి చక్కగా ఉంటుంది, మాట కరుకు, వంట అమృతం. ఆవిడతో నాకు పెద్ద పేచీలేం లేవు, ఒక్క జుట్టు విషయంలో తప్ప. రోజూ పొద్దున్నే బాత్రూములో నిలబడి తల దువ్వుకుని, దువ్వెనకి చిక్కిన వెంట్రుకలన్నీ ఏరి, వేలికి చుట్టి చిన్న ఉండ చేసి, కిటికీ గట్టుమీద ఒక ప్లాస్టిక్ కవర్లో దాచేది. నేను పళ్ళు తోముకోవడానికి వెళ్తే ఎదురుగా ఆ ఉండలు. కొబ్బరినూనె జిడ్డుతో, తెలుపూ నలుపూ కలిసిపోయి, ముద్దలు ముద్దలుగా. ఒకసారి టిష్యూతో పట్టుకుని చెత్తబుట్టలో పడేశాను. ఆవిడ ఆ బుట్టలోంచి మళ్ళీ తీసుకుంది.

"జుట్టు పారెయ్యకూడదు," అంది.

"ఎందుకండీ?"

"ఎందుకేంటి. పారెయ్యకూడదంతే."

అక్కడితో ఆ సంగతి వదిలేశాను. పళ్ళు కిందికొచ్చి వంటింటి సింకు దగ్గర తోముకోవడం మొదలెట్టాను.

దీపావళి వెళ్ళిన ఆదివారం సాయంత్రం నేను టేబుల్ దగ్గర యూని టైంటేబుల్ ముందేసుక్కూచుంటే, ఆవిడ ఫ్రీజర్లోంచి ఉసిరికాయలు తీస్తూ మామూలుగా అంది.

"రేపట్నుంచి నీకు ఉపవాసాలమ్మాయ్. గుర్తుందిగా?"

"నాకా?"

"నీక్కాక? సీటొస్తే నా కోడలు కార్తీక సోమవారాలన్నీ కటిక ఉపవాసం ఉంటుందని శివయ్యకి మొక్కుకున్నా. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా. చుక్క చూశాకే భోజనం."

"మొక్కుకున్నది మీరు కదా అత్తయ్యా?"

"నేనే. నీ కోసమేగా."

ఇది మనవాళ్ళకే చేతనైన విద్య. ఒళ్ళు ఒకళ్ళది, మొక్కు ఇంకొకళ్ళది. మా పెద్దనాన్న తన మోకాళ్ళ నొప్పులు తగ్గితే మా బాబాయి కొండకి నడిచొస్తాడని మొక్కుకున్నాడు. మా పక్కింటావిడ ఇల్లు అమ్ముడుపోతే మొగుడు సిగరెట్లు మానేస్తాడని మొక్కుకుంది. చిన్నప్పుడు వీటికి పడీపడీ నవ్వుకునేవాళ్ళం. నా మీదికొచ్చాక నవ్వు రాలేదు. నన్నడక్కుండా నా గొంతు మీద, నా కడుపు మీద ఈవిడెవరు దేవుడికి మాటివ్వడానికి అని ఒళ్ళు మండిపోయింది.

మా ఆయనతో చెబితే, "నాలుగు సోమవారాలేగా, ఎడ్జస్టయిపో. అమ్మ ఆర్నెల్లుంటుంది, వెళ్ళిపోతుంది," అన్నాడు.

ఎడ్జస్టయ్యాను. నిజం చెప్పాలంటే ఆయన మాటకి కాదు. మొక్కు తప్పితే సబ్జెక్టు పోతుందేమోనని లోపల ఎక్కడో పిరికితనం. అంత సైన్సు చదివినా అది పోలేదు. దాన్ని చూసుకుంటే నాకే చీదరేసింది.

మొదటి సోమవారం షాపులో నిలబడే గడిపేశాను. మధ్యాహ్నానికి తలపోటు, సాయంత్రానికి నోరు పిడచకట్టుకుపోయింది. బాపట్లలో అయితే కార్తీకంలో ఆరు దాటగానే చుక్క కనపడుతుంది, గుళ్ళో దణ్ణం పెట్టుకుని అన్నం తినేస్తారు. సిడ్నీలో ఇది ఎండాకాలం, పైగా గడియారాలు గంట ముందుకి జరిపి ఉంటాయి. రాత్రి ఎనిమిదవుతున్నా ఆకాశంలో ఇంకా వెలుతురు పోలేదు. పెరట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని చుక్క కోసం కూచుంటే, పక్కింటివాళ్ళు బార్బెక్యూ పెట్టి మాంసం కాలుస్తున్నారు. ఆ పొగంతా నా మొహానికే. మా అత్తగారు ముక్కుకి కొంగు అడ్డంపెట్టుకుని, "ఇదేం దేశమే, చుక్క కూడా టయానికి రాదు," అంది. చుక్కొచ్చే వేళకి నాకు ఆకలి చచ్చిపోయి వాంతొచ్చేలా ఉంది.

రెండో సోమవారం ఫిజియాలజీ ప్రాక్టికల్. అది మూత్రపిండాల ప్రాక్టికల్. పద్ధతి చాలా తేలిక. ఎవరి ఒంటిమీద వాళ్ళే చెయ్యాలి. ముందు యూరిన్ శాంపిల్ ఒకటి ఇవ్వాలి. తరవాత లీటరు నీళ్ళు గడగడా తాగాలి. ఆ మీదట అరగంటకోసారి వెళ్ళి కొలజగ్గులో పోసుకొచ్చి, ఎంతొచ్చిందో, ఎంత చిక్కగా ఉందో కొలిచి బోర్డు మీద రాయాలి. పొద్దున్న మామూలుగా తిని, తాగి రమ్మని వారం ముందే చెప్పారు. సెమిస్టర్లో ప్రాక్టికల్స్ అన్నీ పూర్తి చేస్తేనే పరీక్ష రాయనిస్తారు. ఒక్కటి తప్పితే సబ్జెక్టు పోయినట్టే, సబ్జెక్టు పోతే సీటు పోయినట్టే.

నేను మనవాళ్ళ తెలివి ఉపయోగించాను. లీటరు నీళ్ళు ల్యాబ్‌లో ఎలాగూ తాగుతాను కదా, అది చదువుకోసం కాబట్టి దేవుడు చూడడు. పొద్దున్న ఇంట్లో కాఫీ తాగితే మాత్రం అత్తగారు చూస్తుంది. కాబట్టి ఇంట్లో మానేసి అక్కడ తాగేద్దాం, ఇద్దరూ సంతోషిస్తారు. ఇదీ నా లెక్క. ఆ రోజు ఎండ మండిపోతోంది. స్టేషన్ దాకా నడిచి, రైలు దిగి మళ్ళీ నడిచి, ల్యాబ్‌కి చేరేసరికి ఒంట్లో ఉన్న తడంతా చెమటైపోయింది.

మొదటి శాంపిల్‌కి జగ్గు పట్టుకుని వెళ్ళాను. నాలుగు చెంచాలు కూడా రాలేదు. శ్రీరామనవమి పానకం రంగు. దాని వాసన నా ముక్కుకి నాకే కొట్టింది. చిన్నప్పట్నుంచీ ఎడంచెయ్యి, కుడిచెయ్యి, అంటు, మైల అని పెరిగినదాన్ని, నా సొంత ఒంటేలు వెచ్చగా చేతిలో పట్టుకుని, పైన పేపర్ టవల్ కప్పుకుని, వరండా వెంట తోటి పిల్లల మధ్య నడుచుకుంటూ రావడమంటే ప్రాణం చచ్చిపోయింది. నా బల్ల దగ్గర పంతొమ్మిదేళ్ళ తెల్లకుర్రాడు తన జగ్గు బీరు గ్లాసులా పైకెత్తి "చీర్స్" అన్నాడు. ఛీ, వీడి మొహం తగలెయ్య, అనుకున్నాను.

లీటరు నీళ్ళు తాగాను. అరగంటయింది. ఏమీ రాలేదు. గంటయింది. ఏమీ లేదు. తక్కినవాళ్ళు పరిగెడుతున్నారు, వస్తున్నారు, బోర్డు మీద అంకెలు రాస్తున్నారు. నా వరసలో గీతలు తప్ప ఏం లేవు. ఎండిన నేల మీద పోసిన నీళ్ళలా తాగిందంతా ఒళ్ళు పీల్చేసుకుంది. పాఠ్యపుస్తకంలో అది ఎందుకలా అవుతుందో రెండు పేజీల్లో ఉంది, నాకు కంఠతా వచ్చు. కంఠతా వచ్చి ఏం లాభం?

ల్యాబ్ టీచరు నడివయసు ఆవిడ, నెమ్మదస్తురాలు. నన్ను పక్కకి పిలిచి, ఇవాళ పొద్దుట్నుంచి ఏమైనా తిన్నావా, తాగావా అని అడిగింది. లేదన్నాను.

"మతపరమైన ఉపవాసమా? ముందే చెప్పాల్సింది. దానికి వేరే ఏర్పాటుంది. నీ ఉపవాసం అని ఒక్క మాట రాసివ్వు, వేరేవాళ్ళ అంకెలిస్తాను, వాటితో రిపోర్టు రాసుకుందువుగాని," అంది.

ఔనంటే అయిపోయేది. నోరు తెరిచాను. "నాది కాదు, మా అత్తగారిది," అని వచ్చింది.

ఆవిడకి అర్థం కాలేదు. "ఉపవాసం ఉన్నది నువ్వే కదా?"

"ఉన్నది నేనే. మొక్కుకున్నది ఆవిడ."

"నువ్వు ఒప్పుకున్నావా?"

"నన్నడగలేదు."

ఆవిడ వెటకారంగా అనలేదు పాపం. నిజంగానే తెలుసుకుందామని, "అడక్కపోతే నువ్వెందుకు ఉన్నావు?" అంది. ఇంగ్లీషులో దానికి జవాబు చెప్పబోయాను. మా సీటు, మా శివుడు, మా అత్తగారు, ఆవిడ మాట, నా గొంతు. ఒక్కో ముక్కా ఇంగ్లీషులో నా నోటినుంచి బయటికి వస్తుంటే నా చెవులకే ఎంత అసహ్యంగా వినపడిందో చెప్పలేను. తెలుగులో అయితే ఇవే మాటలు నవ్వుతాలుగా దొర్లిపోయేవి. మధ్యలో ఆపేశాను.

"నాది కాని దాన్ని నాదని రాయలేను," అన్నాను. గొప్పకోసం అనలేదు. ఆవిడ మొక్కుని నా సంతకంతో నా మతం చేసుకోవడం నాకు రోతనిపించింది, అంతే.

"అయితే వచ్చే సోమవారం ఇంకో బ్యాచ్ ఉంది. అందులో మళ్ళీ చెయ్యి. అదే ఆఖరు, ఆ తరవాత నేను కూడా ఏం చెయ్యలేను," అంది.

వచ్చే సోమవారం కూడా కార్తీక సోమవారమే. రైల్లో కూచున్నాక బుద్ధి తిరిగొచ్చింది. ఒక్క మాట రాసేస్తే పోయేదానికి పౌరుషానికి పోయి సీటుని మళ్ళీ ఒక్క రోజుకి వేలాడదీశానే అని నన్ను నేను తిట్టుకున్నాను. అప్పుడు మొదలైంది, రైల్లోనే, తాగిన లీటరంతా ఒక్కసారిగా తోసుకురావడం. టూంగాబీ స్టేషన్ నుంచి ఇంటిదాకా ఎలా వచ్చానో నాకే తెలియాలి.

ఇంట్లో జరిగింది చెప్పాను. నీళ్ళు తాగానని కూడా చెప్పేశాను. అత్తగారి చెవికి నీళ్ళ సంగతి ఆనలేదు. ఆవిడ జగ్గు దగ్గరే ఆగిపోయింది.

"ఒంటేలు జగ్గులో పోసి కొలిచావా? చేత్తో?"

"గ్లౌజులున్నాయి అత్తయ్యా."

"అందరెదురుగానా?"

"అందరూ అదే చేశారు."

ఆవిడ మొహంలో ఒక ముడత పడింది, కుళ్ళిన కూరగాయ ముట్టుకున్నట్టు. రెండడుగులు వెనక్కి వేసింది. "ఆ బట్టలు గరాజులో విడిచి, తలంటు పోసుకునిగానీ వంటింట్లోకి రాకు," అంది. మా ఆయన సోఫాలో కూచుని ముసిముసిగా నవ్వుతున్నాడు. గరాజులో కారు పక్కన నిలబడి బట్టలు మార్చుకుంటూ, రేపు డాక్టర్నయ్యాక రోజుకెన్ని రకాల మనుషుల చీమూ నెత్తురూ ముట్టుకుని ఈ ఇంటికి రావాలో, వచ్చినప్పుడల్లా ఇదే గరాజా అని ఆలోచించాను. ఆలోచించినకొద్దీ కంపరమెత్తింది. కిటికీ గట్టుమీద జుట్టు ఉండలు పేర్చుకునే మనిషి నన్ను చూసి అసహ్యించుకుంటోంది.

మూడో సోమవారం పొద్దున్న ఆవిడ దేవుడి దగ్గర ఉసిరికాయ మీద దీపం పెట్టి వంటింట్లోకి వచ్చేసరికి, నేను నిలబడి ఇడ్లీ తింటున్నాను. నాలుగో ఇడ్లీ. దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఆవిడ చూస్తుండగానే చెంబుడు నీళ్ళు ముంచుకుని ఎత్తి తాగాను.

"సోమవారం," అంది ఆవిడ.

"తెలుసు."

"శివుడితో పరాచికాలాడకమ్మాయ్. సీటు పోతే నన్ననుకుని లాభం లేదు."

"తాగకపోతేనే పోయేది అత్తయ్యా. ఇవాళ ఆఖరి అవకాశం. మొక్కు మీరు మొక్కారు, మీరే తీర్చుకోండి. నా ఒంట్లో నీళ్ళు నాక్కావాలి."

పెళ్ళయిన ఆరేళ్ళలో ఆవిడకి నేనట్లా ఎదురు చెప్పింది లేదు. మా ఆయన టై ముడేసుకుంటూ వచ్చి, మా ఇద్దరి మొహాలూ చూసి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయాడు. ఆయన ఏ గొడవలోనూ ఎప్పుడూ ఉండడు. నేను ఇంకో చెంబు ముంచుకున్నాను.

ఆ రోజు ల్యాబ్‌లో నా ఒళ్ళు పుస్తకంలో రాసినట్టు పనిచేసింది. లీటరు తాగాను, గంట తిరక్కుండా జగ్గులు నింపాను. రంగు మంచినీళ్ళలా తేటగా వచ్చింది. అసహ్యం పోయిందని చెప్పను, పోలేదు. వరండాలో నడుస్తున్నంతసేపూ ముక్కు బిగబట్టుకునే ఉన్నాను. కానీ బోర్డు మీద నా వరసలో అంకెలు పడుతుంటే గుండె నిమ్మళించింది. టీచరు చూసి బాగుందన్నట్టు తలూపింది. ఇంటికొచ్చి, ఎవరూ చెప్పకుండానే గరాజులో బట్టలు విడిచి లోపలికెళ్ళాను. అత్తగారు వారం దాకా నాతో పుల్లవిరిచినట్టే మాట్లాడింది. ఆఖరి సోమవారం నన్ను ఉపవాసం ఉండమని అడగలేదు, నేనూ ఉండలేదు.

జనవరి చివర్లో రిజల్ట్ వచ్చింది. పాసయ్యాను. రెండ్రోజులకి యూని నుంచి ఇంకో మెయిల్, ఈసారి ఒకటే పేరా. సీటు ఇప్పుడు నిజంగా వచ్చింది. షాపులో మందుల అరల వెనక్కి వెళ్ళి కాసేపు ఏడ్చుకున్నాను.

ఆ ఆదివారమే డాక్టరంకుల్ వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. మా ఆయనకి ఆఫీసు పనుండి రాలేదు. అత్తగార్ని తీసుకుని నేనే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. వ్రతం అయింది, పేపరు ప్లేట్లలో ప్రసాదం పంచారు. ఆడవాళ్ళందరం హాల్లో ఓ మూల కూచున్నాం. ఆంటీ మా అత్తగారి చెయ్యి పట్టుకుని అభినందించింది.

"అంతా శివయ్య దయ," అంది అత్తగారు. "నా కోడలు కార్తీక సోమవారాలన్నీ కటిక ఉపవాసం ఉంది. పచ్చి నీళ్ళు ముట్టలేదు. ఎండలో కాలేజీకి కూడా అలాగే వెళ్ళింది. చదువుదేముందండీ, అందరూ చదువుతారు. గట్టెక్కించింది ఆ ఉపవాసాలే."

ప్రసాదం నా నోట్లో ఉంది. ఆవిడ నా పక్కన కూచునే, నా మోకాలు ఆవిడ మోకాలికి తగుల్తుండగానే అలా అంటోంది. చెంబుతో నీళ్ళెత్తి తాగింది ఆవిడ కళ్ళారా చూసింది. మరీ ఇంత పచ్చి అబద్ధమా! అయినా ఊరుకుందామనే అనుకున్నాను. పదిమందిలో అత్తగారి మాట తీసెయ్యడం ఎందుకు, చెప్పుకుని మురిసిపోతే పోనీ అనుకున్నాను.

ఆంటీకి ఒక కోడలుంది. ఇండియాలో దంతవైద్యం చదివింది, ఇక్కడ ప్రాక్టీసు చెయ్యాలంటే మళ్ళీ పరీక్షలు రాయాలి, రెండుసార్లు తప్పింది. ఆ పిల్ల అందరికీ మంచినీళ్ళ గ్లాసులు అందిస్తూ అప్పుడే మా దగ్గరికొచ్చింది. ఆంటీ ఆ పిల్లకేసి తిరిగి చూసి, మా అత్తగారితో అంది.

"అయితే నేనూ మొక్కుకుంటానండీ. ఈసారి పాసైతే మా కోడలు కూడా కార్తీక సోమవారాలు నీళ్ళు ముట్టకుండా ఉంటుంది."

ఆ పిల్ల ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ మొహం నాకు బాగా తెలిసిన మొహం. దీపావళి వెళ్ళిన ఆ ఆదివారం సాయంత్రం అద్దంలో చూసుకుని ఉంటే నాక్కనపడేది అదే.

ట్రేలోంచి ఒక గ్లాసు తీసుకుని తాగాను. తాగి, "నేను ఉపవాసం ఉండలేదండీ," అన్నాను.

ఆంటీ నవ్వింది, వేళాకోళమనుకుని.

"మొదటి సోమవారం ఉన్నాను. రెండోది ఉండబట్టే సబ్జెక్టు పోబోయింది. మూడోది నాలుగు ఇడ్లీలు తిని, లీటరు నీళ్ళు తాగి, అరగంటకోసారి ఒంటేలు జగ్గులో పోసి కొలిచాను. దానికే పాస్ చేశారు," అన్నాను.

సత్యనారాయణస్వామి పటం ఎదురుగా, నోట్లో ప్రసాదాలు పెట్టుకుని, ఒంటేలు అనే మాట విన్నారందరూ. ఒకావిడ ప్లేటు కింద పెట్టేసింది. ఇంకొకావిడ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. ఆంటీ మొహం చూడాలి. వాళ్ళ కోడలు మాత్రం వంగి ఖాళీ గ్లాసు తీసుకుంటూ, నాకొక్కదానికే వినపడేలా, "లీటరు సరిపోతుందా అక్కా?" అంది. సరిపోతుందన్నాను.

కారెక్కాక అత్తగారు నన్ను కడిగేస్తుందని సిద్ధంగానే ఉన్నాను. పదిమందిలో పరువు తీశావంటే ఏమనాలో కూడా అనుకుని ఉంచుకున్నాను. పెండిల్ హిల్ దగ్గర సిగ్నల్ పడి ఆగాం.

"మీ మావయ్యకి గవర్నమెంటు ఉద్యోగం వస్తే కోడలి జుట్టు ఇప్పిస్తానని మా అత్త తిరపతి మొక్కు మొక్కుకుంది," అంది ఆవిడ, రోడ్డుకేసి చూస్తూ. "పెళ్ళయి ఏడాది కాలేదు. నాకిక్కడిదాకా ఉండేది." సీటు బెల్టు కింద మోకాలి మీద చెయ్యి పెట్టి చూపించింది. "ఉద్యోగం ఆయనకి, మొక్కు ఆవిడది, జుట్టు నాది. కొండెక్కేదాకా నాకు చెప్పలేదు. మంగలి కత్తి తడుపుతుంటే చెప్పారు."

కిటికీ గట్టుమీద జుట్టు ఉండలు కళ్ళముందు మెదిలాయి.

"మీకు అసహ్యం వెయ్యలేదా అత్తయ్యా?"

"వేసింది. మళ్ళీ మునుపట్లా పెరగలేదు కూడా."

"మరి నా పేరున ఎందుకు మొక్కుకున్నారు?"

ఆవిడ తల తిప్పి నాకేసి చూసింది. కళ్ళల్లో నిజంగానే ఆశ్చర్యం. ఇది కూడా తెలీదా అన్నట్టు.

"నీ జుట్టు జోలికి నేను పోలేదుగా," అంది. "నీళ్ళేగా అడిగాను."

వెనకాల కారు హారన్ కొట్టింది. సిగ్నల్ ఎప్పుడో మారింది. బండి ముందుకి పోనిచ్చాను. ఆవిడ రెండు చేతులూ వెనక్కి పెట్టి తన చిన్న ముడి విప్పి మళ్ళీ గట్టిగా వేసుకుంది. వేళ్ళకి చిక్కిన ఒక వెంట్రుకని పారెయ్యకుండా చూపుడువేలికి చుట్టుకుంది. అసహ్యం నాకింకా పోలేదు. ఎవరి మీదంటే మాత్రం చెప్పలేను.